దూదికి ఊపిరి పోసే విల్లు

దసరా వెళ్లి దీపావళి రాకముందు ఢిల్లీలో ఏ ఇంటికెళ్లినా సామాను సర్దుతూనే కనిపిస్తారు. ఎండాకాలమంతా కిటికీకి ఆనించిన కూలర్‌ను దింపాలి. అడుగున మిగిలిన నీళ్లు పారబోసి, ఉప్పు పేరుకుని గట్టిపడ్డ గడ్డి పీకేసి, తొట్టి తుడిచి, మోటారును పాత గుడ్డలో చుట్టి అటకెక్కించాలి. నీళ్లు అలాగే వదిలేస్తే డెంగీ దోమను పిలిచి పీట వేసినట్టే. 1996లో ఈ ఊళ్లో 10,000 మందికి పైగా డెంగీ బారిన పడ్డారు, 400 మందికి పైగా చనిపోయారు. కూలర్ తొట్టి ఆరబెట్టడాన్ని ఇక్కడ ఎవరూ తేలిగ్గా తీసుకోరు. కూలర్ పనయ్యాక ఫ్యాన్ల దుమ్ము, గీజర్ మరమ్మతు. అన్నీ అయ్యాక దివాన్ మంచం పలక ఎత్తి, నాఫ్తలీన్ ఉండల వాసనతో సహా రజాయిలు, అంటే దూది నింపి కుట్టిన మందపాటి దుప్పట్లు, బయటికి తీస్తారు. అసలు పని అక్కడ మొదలవుతుంది.

మనవైపు చలికి దుప్పటి చాలు. మరీ ముదిరితే పాత చీరలు పొరలుగా పరిచి కుట్టిన బొంత ఉంటుంది. ఢిల్లీ చలికి అవి ఆనవు. జనవరి రాత్రిళ్లు సగటున 7, 8 డిగ్రీలకు దిగుతాయి. సఫ్దర్‌జంగ్ వాతావరణ కేంద్రంలో 1935 జనవరి 16న మైనస్ 0.6 డిగ్రీలు నమోదైంది. అంత వెనక్కి పోనక్కర్లేదు, 2019 డిసెంబరు 30న పట్టపగలు కూడా 9.4 డిగ్రీలు దాటలేదు. ఇక్కడి ఇళ్లు ఎండను దృష్టిలో పెట్టుకుని కట్టినవి. ఒకసారి గోడలూ గచ్చూ చల్లబడ్డాయంటే ఫిబ్రవరి దాకా వేడెక్కవు. గదంతా వెచ్చగా ఉంచే ఏర్పాటు మామూలు ఇళ్లలో ఉండదు. కాబట్టి రాత్రి భారమంతా మంచం మీది రజాయిదే.

ఆ రజాయి రెండు మూడు చలికాలాలు వాడేసరికి నీరసపడుతుంది. ఒంటి బరువుకీ, ఒంటి తేమకీ, పెట్టెలో మడతల ఒత్తిడికీ దూది అణిగిపోయి ఒకచోట గడ్డ కడుతుంది, ఒకచోట పల్చబడుతుంది. దీపం ముందు పట్టుకుంటే ఎక్కడెక్కడ ఖాళీ పడిందో తెలుస్తుంది. చలి దూరేది అక్కడినుంచే. దాన్ని బాగుచేసేవాడు దూదేకేవాడు. హిందీలో ధునియా అంటారు. అక్టోబరు నెలాఖరుకల్లా సదర్ బజార్‌లోని రూయీ మండీలో దూది బస్తాల రాకపోకలు పెరుగుతాయి. తూర్పు ఢిల్లీలో సంజయ్ ఝీల్ చుట్టుపట్ల, ఇంకా అలాంటి ఎన్నో పేటల్లో, పేవ్‌మెంట్ మీద పరదాలు కట్టుకుని తాత్కాలిక దుకాణాలు వెలుస్తాయి. పశ్చిమ ఉత్తరప్రదేశ్ నుంచో బీహార్ నుంచో ఈ మూడు నెలల కోసమే వచ్చేవాళ్లు చాలామంది. వాళ్లలో ఇప్పటికీ భుజాన విల్లు వేసుకుని కాలనీల్లో తిరిగేవాళ్లు ఒకరిద్దరు కనిపిస్తారు. వాళ్ల పని దగ్గరగా కూర్చుని చూడాల్సిన పని.

ఆ విల్లు బాణాలు వేసే విల్లులా ఉండదు. ఆరడుగులకు కాస్త అటూ ఇటూగా గట్టి కర్రదండం. ఒక చివర తెడ్డులా వెడల్పాటి చెక్క పలక, రెండో చివర వంపు తిరిగిన చిన్న ముక్క. ఈ రెంటి మధ్య పేగుతో పేనిన నారి. నారి పలకను తాకేచోట ఒక తోలుముక్క ఉంటుంది. దాన్ని సర్దుకుంటూ బిగువు సరిచూసుకుంటారు. విల్లు బరువంతా చెయ్యి మొయ్యదు. వంగే వెదురుబద్దకు తాడు కట్టి దాన్ని వేలాడదీస్తారు, బద్ద లేస్తూ వంగుతూ ఉంటే విల్లు తేలుతున్నట్టుంటుంది. ఎడమచెయ్యి దాన్ని కావలసిన చోటికి నడిపిస్తుంది. కుడిచేతిలో నడుం సన్నగా, రెండు కొసలూ బుడిపెలుగా ఉన్న చెక్క గూటం. ఆ బుడిపె నారిని పట్టి లాగి వదిలేస్తుంది.

దూదిని తాకేది గూటం కాదు, నారి. అదీ ఒక్క దెబ్బతో ఊరుకోదు. వదిలిన నారి కంటికి మసగ్గా కనిపించేంత వేగంగా కంపిస్తుంది. ఆ కంపం దూదిగడ్డ అంచుకు తగిలితే పోగులు ఒకదాన్నొకటి వదిలేస్తాయి. కొన్ని నారికే అంటుకుని, తర్వాతి మీటుకు విడిపోయి, ఎగిరి అవతలి కుప్ప మీద వాలతాయి. బరువైన చెత్త, అంటే గింజముక్కలు, ఆకుపొడి, ఏళ్ల తరబడి పట్టిన మట్టి, ఎగరలేక అక్కడే రాలిపోతుంది. విప్పడం, చెరగడం, కుప్ప పెట్టడం మూడూ ఒక్క మీటుతోనే జరిగిపోతాయి. పోగు మాత్రం తెగదు.

ఇందులో నేర్పంతా నారిని దూదిలోకి ఎంత లోతుగా దించాలన్న దాంట్లో ఉంది. ఎక్కువ దించితే దూది నారికి చుట్టుకుని బిగుసుకుపోతుంది. తక్కువ దించితే పైపైన గీరి వదిలేస్తుంది, లోపలి గడ్డ గడ్డగానే ఉంటుంది. సరైన లోతు కంటికి తెలియదు, చెవికి తెలుస్తుంది. నారి గడ్డలో దిగినప్పుడు మోత మందంగా, మూసుకుపోయినట్టుంటుంది. గడ్డ విడుతున్నకొద్దీ గొంతు తేటపడి తంబురా తీగలా సాగుతుంది. చెయ్యి తిరిగినవాడు దూది వంక చూడకుండానే, పక్కనున్నవాళ్లతో మాట్లాడుతూనే, ఎక్కడ గడ్డ మిగిలిందో పట్టేస్తాడు. మధ్యమధ్య దూదికి తగలకుండా ఒక ఖాళీ మీటు మీటుతాడు. చూసేవాళ్లకు అది తాళం కోసమనిపిస్తుంది. నిజానికది నారికి అంటుకున్న పోగులను దులపడానికి. చేటంత దూది కాసేపటికి పక్కనున్న పిల్లవాడి మోకాలెత్తు కుప్పవుతుంది. తూకం మాత్రం పెరగదు, రాలిన చెత్త మేరకు ఇంకాస్త తగ్గుతుంది కూడా.

పెరిగినదంతా గాలి. రజాయి వెచ్చదనం కిటుకు ఇదే. కదలకుండా నిలిచిన గాలికి వేడిని బయటికి పోనివ్వని గుణం దూదిపోగు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. దూది చేసే పనల్లా ఆ గాలిని చిన్న చిన్న గదుల్లో పట్టి ఉంచడం. పత్తికాయ పగిలి ఆరేటప్పుడు, గుండ్రటి గొట్టంలా ఉన్న పోగు చదునుపడి, సన్నని పట్టీలా మెలికలు తిరుగుతుంది. ఆ మెలికల వల్లే ఒక పోగు ఇంకో పోగును పట్టుకుంటుంది, నొక్కి వదిలితే మళ్లీ లేస్తుంది. అందుకే రజాయికి బట్టల మిల్లులు ఇష్టపడే పొడుగు పింజె పత్తి కంటే, హర్యానా, పంజాబ్, రాజస్థాన్ వైపు పండే పొట్టి, మోటు దేశవాళీ పత్తి నయమంటారు. దాని పోగు మొండిది, తొందరగా అణగదు. మనవైపు దిండ్లలో నింపే బూరుగు దూది ఇంకా తేలిక, చేతికి పట్టులా తగులుతుంది. కానీ దాని పోగు మెలిక లేకుండా నున్నగా ఉండి, ఒకదాన్నొకటి పట్టుకోక జారిపోతుంది. దిండుకు బాగుంటుంది గాని, రాత్రంతా పొర్లే మనిషి మీద కప్పే రజాయికి పనికిరాదు.

నూలు వడికే దారిలో వెళ్లే దూదికీ, రజాయిలోకి వెళ్లే దూదికీ ఇక్కడే తేడా. శ్రీకాకుళం జిల్లా పొందూరులో సన్న ఖద్దరు కోసం వాలుగ చేప దవడతో పత్తిని దువ్వుతారు. పోగులన్నీ ఒకే దిక్కుకు సాగి వరసలో నిలవాలి. అప్పుడే దారం సన్నగా, సమంగా వస్తుంది. రజాయికి సరిగ్గా దీనికి వ్యతిరేకం కావాలి. పోగులు నలుదిక్కులకూ, పైకీ కిందికీ, అడ్డదిడ్డంగా పడి ఉండాలి. వరస కుదిరిందంటే అణిగిపోతాయి. దవడ పని వరసపెట్టడం, విల్లు పని చెదరగొట్టడం.

ఏకడం అయ్యాక తూకం. ఒక్క మనిషి రజాయికి రెండు నుంచి మూడు కిలోలు, ఇద్దరికైతే నాలుగైదు కిలోలు వేస్తారు. పాతది విప్పినప్పుడు తూచిన లెక్క, ఏకాక తూచిన లెక్క రెండూ ఇంటివాళ్ల ఎదురుగానే. ధూళి రూపంలో పోయినదాన్ని కొత్త దూదితో పూరించమంటారా అని అడుగుతాడు. కొత్త దూది వేస్తే పాతదానితో కలిపి ఇంకోసారి విల్లు కింద పెట్టాల్సిందే. లేకపోతే కొత్తదీ పాతదీ కలవక పొరలుగా విడిపోతాయి. ఆ రెండో విడత ఏకుడు ఎగ్గొట్టినా ఆ రోజుకు ఎవరికీ తెలియదు, మరుసటి చలికాలానికి తెలుస్తుంది. మంచి పనివాణ్ణి గుర్తుపట్టేది ఇలాంటి చోటనే.

నింపడం ఇంకో విద్య. గలేబును తిరగేసి, లోపలివైపు పైకి వచ్చేలా చాప మీద పరుస్తారు. దాని మీద దూదిని పిడికిళ్లతో కాకుండా అరచేతులతో పొరలు పొరలుగా పేరుస్తారు. అంచుల్లో, మూలల్లో చెయ్యి కాస్త ఉదారంగా పడుతుంది. వాడకంలో దూది ముందుగా జారిపోయేది అక్కడినుంచే. సన్నటి పొడుగు బెత్తంతో పైపైన తడుతూ మట్టం చేస్తారు. బెత్తం దూదిని అణచకూడదు, ఎత్తుగా ఉన్నదాన్ని పల్లంలోకి పంపాలి. తర్వాత గలేబు మూసి ఉన్న వైపు నుంచి, దూదితో సహా, చాప చుట్టినట్టు చుట్టుకుంటూ వస్తారు. తెరిచి ఉన్న అంచు దగ్గరికి వచ్చాక ఆ నోట్లో చేతులు పెట్టి, చుట్టను లోపలికి తిప్పుతూ విప్పుతారు. బట్ట బయటికీ, దూది లోపలికీ మారిపోతాయి. పేర్చిన పొర ఎక్కడా చెదరదు. మొదటిసారి చూసేవాళ్లు ఇంకోసారి చేసి చూపించమంటారు. అంతమందిలో ఒకరైనా అడగకుండా ఉండరు.

ఆఖరుది కుట్టు. చాలాచోట్ల ఇది ఇంటి ఆడవాళ్ల చేతిలో పని. అంగుళాల పొడుగున్న సూది, మోటు దారం. సుద్దగీతలేవీ ఉండవు. అంచు వెంబడి మొదలుపెట్టి, నాలుగైదు వేళ్ల ఎడంలో చదరం లోపల చదరంగా కుట్టుకుంటూ నడిమికి వస్తారు. బయటినుంచి లోపలికి రావడానికి కారణం ఉంది. అంచు ముందుగా కట్టుబడితే దూది పారిపోదు. దారం బిగువు మీద అంతా ఆధారపడుతుంది. లాగి బిగిస్తే కుట్టు వెంట దూది నలిగి, విల్లు నింపిన గాలి అక్కడ పిండినట్టు పోతుంది, ఆ గీతల వెంట చలి తెలుస్తుంది. వదులుగా వేస్తే నెల తిరక్కుండా దూదంతా కాళ్లవైపు చేరుతుంది. మంచి రజాయి మీద అరచెయ్యి వేసి జరిపితే కుట్టు దగ్గర చిన్న పల్లం తగులుతుంది గాని గట్టిదనం తగలదు. నేను రజాయి కొనాల్సి వస్తే చూసే పరీక్ష అదొక్కటే.

ఇదంతా నాలుగు గోడల మధ్య సాగే పని కాదు. దూది ధూళి ఇల్లంతా కమ్ముతుంది. అందుకని డాబా మీదో, కాలనీ పార్కు మూలనో పెట్టుకుంటారు. ఒకరు పిలిచిన పనివాడు ఆ మెట్లవరసలో నాలుగైదు ఇళ్ల రజాయిలు ముగించిగాని కదలడు. ఏడాది పొడవునా లిఫ్టులో తలూపి వెళ్లిపోయేవాళ్లు ఆ రోజు నులకమంచాల మీద కూర్చుని మాట్లాడుకుంటారు. పై అంతస్తు పంజాబీ ఆవిడ టీ ఫ్లాస్కు పట్టుకొస్తుంది. “భాభీజీ, మీరు ఎన్ని కిలోలు వేయిస్తున్నారు?” అన్న ప్రశ్నతో మొదలై, పిల్లల పెళ్లిళ్ల దాకా వెళ్తుంది. నవంబరు పొగ పడక, ఇల్లు మూసి సంక్రాంతి దాకా ఊరెళ్లిపోయే మన పెద్దవాళ్లు కూడా సరిగ్గా అప్పుడే బయల్దేరే హడావుడిలో ఉంటారు. గ్యాస్ కట్టేశామా, పాలవాడికి చెప్పామా, పేపరు ఆపించామా అనుకుంటూ వచ్చి, తులసికుండీ ఒకరింట్లో, తాళంచెవి ఇంకొకరింట్లో అప్పగిస్తారు. మా కింది ఇంటి గుంటూరు పిన్నిగారైతే రజాయి కూడా అప్పగించే వెళ్తారు. “పెట్టెలో పడి అణిగిపోయేకంటే, వచ్చిన చుట్టాలకు కప్పమ్మా, దూదికీ మంచిదే” అంటారు. పిన్నిగారి మాట సబబే. మడతపెట్టి బరువు కింద ఉంచినంతగా దూదిని చంపేది ఇంకొకటి లేదు.

ఈ దూదేకే విద్య ఉత్తరాది సొత్తేం కాదు. మన ఊళ్లలో దూదేకులవాళ్లు విల్లు భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరిగి పరుపులు ఏకిన రోజులు ఇప్పటి పెద్దవాళ్లకు గుర్తే. పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి ప్రియశిష్యుడు సిద్దయ్యది దూదేకుల ఇల్లు. బుర్రకథకు మారుపేరైన షేక్ నాజర్ ఆ కులంలోనే 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టారు. 1986లో పద్మశ్రీ అందుకున్నారు. జనం తిట్టుగా వాడే పేరునే తన ఆత్మకథకు తలెత్తుకుని పెట్టుకున్నారు, ‘పింజారి’ అని. రాజస్థాన్ సంతుకవి దాదూ దయాల్‌దీ దూదేకే వృత్తేనని సంప్రదాయం చెబుతుంది. బాగ్దాదులో 922లో మరణశిక్షకు గురైన సూఫీ మన్సూర్ అల్ హల్లాజ్ పేరు మీదుగా ఉత్తరాది ధునియాలు చాలామంది మన్సూరీలని చెప్పుకుంటారు.

ఈ పని విలువ గాంధీజీ లెక్కగట్టి చూశారు. గాంధీజీ కోసం గంగాబెన్ మజుందార్ విజాపూర్‌లో రాట్నాలు వెతికి పట్టుకున్నాక, ఉమర్ సోభానీ తన మిల్లు నుంచి ఏకులు పంపుతుండేవారు. మిల్లు ఏకులు వాడితే మిల్లు నూలే వాడొచ్చుగా, పూర్వులకు ఏకులు ఏ మిల్లు ఇచ్చిందన్న ఆలోచన గాంధీజీని పట్టుకుంది. దూదేకేవాణ్ణి వెతకమని గంగాబెన్‌ను కోరారు. దొరికినవాడు నెలకు 35 రూపాయలు అడిగాడు. ఆ సమయంలో ఎంతడిగినా ఎక్కువ కాదనిపించిందని ఆత్మకథలో రాసుకున్నారు. ఖద్దరు ఉద్యమం రాట్నం బొమ్మతో నిలిచిపోయింది. దానికి ముందు విల్లు మోగి ఉండాలన్న సంగతి జెండాల మీదికి ఎక్కలేదు.

ఇప్పుడు ఢిల్లీలో ఎక్కువభాగం ఏకుడు కరెంటు మిషన్‌దే. పళ్లున్న డ్రమ్ములు గిర్రున తిరిగి, విల్లు గంటల్లో చేసేది నిమిషాల్లో చేసేస్తాయి. దాన్ని తప్పుపట్టలేం. విల్లు కొట్టే మనిషి భుజం, నడుం ఎన్నేళ్లు ఆగుతాయి? ఇక ధూళి సంగతి. దూది దుమ్ము ఏళ్ల తరబడి పీలిస్తే బిసినోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది. విల్లు దగ్గరైనా మిషన్ దగ్గరైనా ముక్కుకు తువ్వాలు కట్టుకోవడం దానికి సరైన కాపుదల కాదు. కాకపోతే మిషన్ పళ్లు పోగును విప్పడమే కాకుండా తెంచుతాయి కూడా. పాత దూదిని పదేపదే అందులో వేస్తే పొట్టి ముక్కలూ పొడీ మిగులుతాయి, అవి గాలిని పట్టి ఉంచలేవు. రెండోవైపు నుంచి పోటీ జాతీయ రాజధాని ప్రాంతంలోనే ఉన్న పానిపట్‌ది. ప్రపంచం నలుమూలల నుంచి వచ్చే పాత ఉన్నిబట్టలను చీల్చి మళ్లీ నూలు చేసి దుప్పట్లు నేసే ఊరది. మింక్ అనే సింథటిక్ బ్లాంకెట్లూ అక్కడివే. ఇంట్లో ఉతుక్కోవచ్చు, మోతకు తేలిక. జైపురీ రజాయిలు ఇంకో దారి, పల్చటి వాయిల్ బట్టలో తక్కువ దూదిని దగ్గర దగ్గర కుట్లతో నిలబెడతాయి, చూపుకీ అందం.

కానీ దేనికి ఏ పని సాధ్యమో చూడాలి. సింథటిక్ బ్లాంకెట్ అణిగిపోతే దాన్ని లేపే మార్గం లేదు, పారెయ్యాల్సిందే. దూది రజాయి అలా కాదు. పదిహేను, ఇరవయ్యేళ్ల నాటి దూదినైనా విప్పి, ఏకి, కాస్త కొత్తది కలిపి, మళ్లీ గలేబులో పెట్టి కుట్టొచ్చు. ఒకే దూది అమ్మమ్మ రజాయిగా, ఆ తర్వాత మనవడి పరుపుగా, ఆఖరికి దిండుగా బతుకుతుంది. వస్తువును పారేయకుండా మళ్లీ పనికి తేవడం గురించి సభలూ సదస్సులూ జరుగుతున్న రోజులివి. దాన్ని మాటల్లేకుండా చేసి చూపిస్తున్న చేతులు మన పార్కు మూలనే ఉన్నాయి. పనితనం అన్న మాటకు నాకు తెలిసినంతలో ఇంతకంటే మంచి ఉదాహరణ ఢిల్లీ చలికాలంలో లేదు.

కాబట్టి ఢిల్లీలో, నోయిడాలో, గుర్గావ్‌లో ఉన్న మనవాళ్లకు ఒక మాట. అణిగిన రజాయిని చెత్తబండికి ఇవ్వకండి. రెండు మూడేళ్లకోసారి ఏకించండి. చలికాలంలో ఎండ కాసిన రోజు మధ్యాహ్నం రెండువైపులా ఆరవేయండి. దూది గాలిలోని తేమను తన బరువులో సుమారు 8 శాతం దాకా పట్టి ఉంచుకుంటుంది, నాలుగు కిలోల రజాయిలో అది 300 గ్రాముల పైమాటే. మిషన్ దగ్గరికి వెళ్లినా తూకం ముందూ వెనకా మీ ఎదుటే వేయించండి. ఈసారి వీధిలో నారి మోగితే మాత్రం పిలిచి విల్లుతోనే ఏకించండి, ముక్కుకు మంచి మాస్కు ఇవ్వండి, అడిగిన కూలిలో పది రూపాయలు తగ్గించమని బేరమాడకండి.